బల్ల మీద రెండు దెబ్బలు

మొన్న ఒకాయన మా షాపుకు పాత చెక్క తెచ్చాడు. రాజాం పక్క ఊళ్లో కూల్చేసిన ఇంటి దూలమట. దాని పాతదనం పోకుండా, పైన తీగల డిజైను చెక్కించుకుని కొత్తింటి వాకిలి మీద పెట్టుకుంటాడట. చెక్కే మిషను మీద బిగించి, తొలిచే బిట్టును దించగానే సన్నటి పొగతో పాటు ఒక వాసన లేచింది. తారు, ఉప్పు, చేపనూనె కలిసి కాలుతున్న వాసన. ఇంటి దూలానికి ఆ వాసన రాదు. ఎప్పుడో అది పడవ చెక్క అయి ఉండాలి, ఎవరో తెచ్చుకుని దూలంగా వాడుకుని ఉండాలి. మిషను ఆపే ఎర్ర బటన్ నొక్కేశాను. "ఏటమ్మా, కరెంటు పోనాదా?" అన్నాడాయన. "నేదు, కంట్లో పొట్టు పడింది" అని బయటికి వెళ్లి కొళాయి దగ్గర నిలబడ్డాను. కంట్లో ఏ పొట్టూ పడలేదు. నాకు పని నేర్పిన సింహాచలం బాబాయ్ గుర్తొచ్చాడు, అంతే.

మీలో ఎవరూ ఆయన్ని చూసి ఉండరు. నౌపడ స్టేషన్‌లో దిగి ఉప్పు మడుల వైపు నడిస్తే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉండేది. దానికి బోర్డు లేదు. చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తలుపులూ, దేవుడి మందిరాలూ, పేర్ల బోర్డులూ చెక్కి ఇచ్చే మనిషి తన షాపుకు మాత్రం బోర్డు పెట్టుకోలేదు. అడిగితే "నాను ఎక్కడున్నానో నాకు తెలుసు గదా" అనేవాడు. పొట్టిగా, నల్లగా, కనుబొమల్లో ఎప్పుడూ చెక్క పొట్టుతో ఉండేవాడు. వెనక ఉన్న ఒక్క గదిలోనే కాపురం. భార్య మాలక్ష్మమ్మ నేను వెళ్లడానికి చాలా ముందే పోయింది. పిల్లలు లేరు. శ్రీకాకుళంలో ఒక చెల్లెలు ఉండేది, పార్వతమ్మ. పండక్కో పబ్బానికో వచ్చి, అన్నం కూరా వండిపెట్టి, ఈ ఇనప సామాను అమ్మేసి తన దగ్గరికి వచ్చెయ్యమని పోట్లాడి వెళ్లిపోయేది.

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది నేను అక్కడ పనికి చేరాను. రాజాం దగ్గర వరి పండించుకునే ఇంట్లో పుట్టి, కంప్యూటర్ మీద డిజైన్లు గీయడం నేర్చుకుని, పెళ్లి చేసుకుని, ఆ పెళ్లిని వదిలేసి వచ్చినదాన్ని నేను. ఎందుకు వదిలేశానో ఇక్కడ రాయను. అప్పట్లో అడిగిన ప్రతివాళ్లకూ చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది. మా ఊళ్లో పాలకు వెళ్లినా అదే ప్రశ్న, బస్సెక్కినా అదే ప్రశ్న. నన్ను ఎరగని ఊరు ఏదైనా చాలనుకుని నౌపడలో ఒక గది అద్దెకు తీసుకున్నాను. అనుకున్నట్టే అక్కడ నన్నెవరూ పట్టించుకోలేదు. రోజంతా ఎవరూ నా పేరు పెట్టి పిలవకుండానే పొద్దు గూకిపోయేది. మొదట్లో అది హాయిగా ఉండేది. తర్వాత తర్వాత, గదికి తాళం వేసి మళ్లీ తీసే చప్పుడు కూడా భరించలేకపోయేదాన్ని.

డిజైన్లు గీసే మనిషి కావాలంటే వెళ్లాను. బాబాయ్ నన్ను ఎగాదిగా చూడలేదు, ఏ ఊరని అడగలేదు, మెళ్లో ఏముందో లేదో వెతకలేదు. మిషను వైపు గడ్డం ఎగరేసి, "దీన్ని సూస్తే బయమేస్తందా?" అన్నాడు. అప్పటిదాకా కంప్యూటర్‌లో గీయడమే గానీ మిషను ముట్టుకోలేదని నిజం చెప్పి, కొంచెం భయంగానే ఉందన్నాను. "మంచిది. బయముంటే సేతికి ఏళ్లుంటాయి. రేప్పొద్దున్నుంచి రా" అన్నాడు. నా ఉద్యోగానికి జరిగిన పరీక్ష అదొక్కటే.

ఈ మిషను చూడనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. సి.ఎన్.సి. రౌటర్ అంటే పెద్ద మంచమంత ఇనప బల్ల. దాని మీద అటూ ఇటూ పరిగెత్తే చట్రం ఒకటి. ఆ చట్రానికి వేలాడే మోటారు, మోటారు మూతిలో వేలెడంత బిట్టు. కంప్యూటర్‌లో మనం గీసిన గీత వెంట ఆ బిట్టు గిర్రున తిరుగుతూ చెక్కను తొలుచుకుంటూ పోతుంది. చూసేవాళ్లకు దాని పని అదే చేసుకుపోతున్నట్టు అనిపిస్తుంది. శుద్ధ అబద్ధం. చంటిపిల్లను పెంచినంత చాకిరీ ఉంటుంది దానితో. అందులోనూ నౌపడ గాలి ఉప్పు గాలి. సాయంత్రం నున్నగా మెరిసిన పట్టాల మీద తెల్లారేసరికి ఎర్రటి పొర కనిపించేది. బాబాయ్ పొద్దున్నే పట్టాలు తుడిచి, నూనె రాసి, గ్రీజు పెట్టి, ఆ తర్వాతే టీ తాగేవాడు. తుడవడానికి పొందూరు ఖద్దరు పంచె ముక్కే కావాలి ఆయనకు. మిగతా గుడ్డలు పీచు వదులుతాయట. "పంచి ముసిలిదైపోతే దానికిదే ఉజ్జోగం" అని నవ్వేవాడు. సాయంత్రం పని అయ్యాక మిషను మీద మాలక్ష్మమ్మ నూలు చీరలు కప్పేవాడు. నీలం చీర చట్రానికి, ఆకుపచ్చది బల్లకు. ఒకసారి మారిస్తే కేకలేశాడు.

మోటారు వేడెక్కకుండా బకెట్టులో నీళ్లు పెట్టి చిన్న పంపుతో తిప్పుతుంటాం. అక్కడి బోరు నీళ్లు పోస్తే గొట్టాల్లో ఉప్పు కట్టేస్తుంది. అందుకని వానాకాలంలో రేకుల మీద నుంచి కారే నీళ్లను డ్రమ్ముల్లో పట్టి, దాచి, ఏడాదంతా అవే వాడేవాడు. ఆ డ్రమ్ములోంచి చెంబుడు నీళ్లు తీసి నేను చేతులు కడుక్కుంటే, ఆ పూటంతా నాతో మాట్లాడలేదు. మనుషులు ఉప్పు నీళ్లు తాగొచ్చు, మిషను మాత్రం తాగకూడదు. అదీ ఆయన న్యాయం.

ఆయనకు రెండు అలవాట్లుండేవి. మొదటిది, ఏ పనినైనా ముందు గాలిలో చెయ్యడం. మా దగ్గరికి వచ్చేవాళ్లు చెక్క కొనమని చెప్పరు, తెచ్చుకుంటారు. వాళ్ల కల్లం పక్కన పెరిగిన టేకు, వాళ్ల తాత నాటిన వేప. అది పాడైతే ఇంకోటి ఎక్కడా దొరకదు. అందుకని బాబాయ్ బిట్టును చెక్కకు జానెడు పైన నిలిపి, ప్రోగ్రాం మొత్తం ఒకసారి ఖాళీగా తిప్పించేవాడు. బిట్టు గాలిలోనే పువ్వులు చెక్కేది, తీగలు చెక్కేది. అంతసేపూ ఆయన కదలకుండా చూసేవాడు. నాకు విసుగొచ్చేది. కంప్యూటర్‌లోనే అంతా కనపడుతుంటే మళ్లీ ఇదెందుకని ఒకసారి అడిగాను. "గాల్లో తప్పు సేస్తే ఎవులికీ నట్టం నేదమ్మీ" అన్నాడు.

రెండో అలవాటు, మిషను తిరుగుతున్నంతసేపూ బల్ల అంచు మీద అరచెయ్యి ఆనించి నిలబడటం. అది ప్రేమ అనుకున్నాను. రైతులు ఎద్దు మూపు మీద చెయ్యేసి నిలబడతారే, అలాగని. ఇంకో సంగతి కూడా గమనించాను గానీ దాన్ని పొగరు కింద జమ కట్టాను. వెనక నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. ఫోన్ మోగితే "నువ్వే మాటాడు, నాకు ఫోనంటే సిరాకు" అని నా మీదికి తోసేవాడు. ఎవరైనా మాట్లాడుతుంటే కళ్లలోకి చూడకుండా నోటి వంక చూసేవాడు. ఒంటరిగా ఉండి ఉండి మనిషి మొరటు తేలాడనుకున్నాను.

ఒక ఎండాకాలం పొద్దున ఎర్రమ్మ వచ్చింది. సముద్రం ఒడ్డున ఊరు, చేపలమ్ముకునే మనిషి. ఆ రోజు నెత్తి మీద బుట్ట లేదు, ఒక చెక్క ఉంది. దాన్ని దించి గోడకు ఆనించి, మేమేమీ అడక్కముందే చెప్పుకుపోయింది. ఆమె భర్త కామయ్య వేటకెళ్లి తిరిగి రాలేదు. పడవ వచ్చింది, మనిషి రాలేదు. పాతకాలం చెక్క పడవ అది. మరుదులు దాన్ని విప్పించి ముక్కలు అమ్మేసి ఫైబర్ పడవ తెచ్చుకున్నారు. కామయ్య కూర్చునే అడ్డచెక్క ఒక్కటే ఆమె గొడవపడి దక్కించుకుంది.

"దీని మీద ఆడి పేరు సెక్కండి బాబూ. గుమ్మం మీద పెట్టుకుంటాను. కాల్సిన సోటు కూడా నేదు మాకు. ఎక్కడికెల్లి దణ్ణమెట్టుకోను?"

బాబాయ్ ఆమె నోటి వంక చూస్తూ అంతా విన్నాడు. పాత స్పీకరు విప్పి తీసిన అయస్కాంతం ఒకటి ఉండేది మా దగ్గర. దాన్ని దారానికి కట్టి చెక్క పొడుగునా జరుపుకుంటూ వెళ్లాడు. లోపల ఇనప మేకు ఉన్న చోటల్లా అది టక్కున అతుక్కునేది. అలా దొరికిన మేకులన్నీ పీకాక ఆయన అడిగాడు:

"రాగి మేకులేటైనా కొట్టినారా తల్లీ? రాగైతే దీనికి దొరకదు."

"నాకేటి తెలుస్తాది బాబూ? ఆడోల్లని పడవెక్కనిస్తారేటి? పుట్టిన కాడ్నుంచీ ఒడ్డు మీద నిలబడి సూడ్డమే."

"అయితే ఈ రంగు గీకీసి సూద్దును."

"వొద్దు బాబూ. ఆ రంగు ఆడేసిందే."

బాబాయ్ గీకే కత్తి పక్కన పెట్టేశాడు. వేరే ఎవరైనా అడిగితే ఒప్పుకునేవాడు కాదు.

అలవాటు ప్రకారం ముందు గాలిలో తిప్పాడు. చెక్కకు జానెడు పైన బిట్టు కదులుతోంది, కామయ్య పేరు రాసుకుంటూ. ఎర్రమ్మ దగ్గరికి వచ్చి నిలబడి, "ఏటమ్మా, గాల్లో రాస్తన్నాదేటి?" అంది నాతో. అవునన్నాను. పేరు పూర్తయ్యేదాకా చూసింది. ఆ పేరు ఎక్కడా అంటలేదు, ఎక్కడా మిగల్లేదు. అప్పుడు ఏడ్చింది. పెద్దగా కాదు, కొంగు నోట్లో పెట్టుకుని.

తర్వాత బిట్టును దించాడు. సముద్రం వాసన షెడ్డంతా నిండింది. బాబాయ్ చెయ్యి ఎప్పటిలాగే బల్ల మీద ఉంది. నేను వెనక కంప్యూటర్ ముందు కూర్చుని ఇంకో డిజైను సరిచేస్తున్నాను. అంత దూరం ఎండలో నడిచి వచ్చిందేమో, పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు కూడా లేదు, ఎర్రమ్మ ఉన్నట్టుండి గడప మీద కూలబడిపోయింది. బాబాయ్ చూశాడు. బల్ల మీద నుంచి చెయ్యి తీసి, మూలనున్న మంచినీళ్ల కుండ దగ్గరికి వెళ్లాడు. మిషను నడుస్తుండగా ఆయన చెయ్యి తియ్యడం నేను చూసింది అదే మొదటిసారి.

అంతలో మిషను అరిచింది. ఇనుమైతే బిట్టు టప్పున విరిగి ఊరుకుంటుంది. రాగి మెత్తన, బిట్టుకు అతుక్కుని కీచుమని ఈడ్చుకుపోతుంది. పళ్లు జివ్వుమనే కూత అది. "బాబాయ్! ఆపు!" అని గొంతు చించుకుని అరిచాను. ఎర్రమ్మ రెండు చెవులూ మూసుకుంది. బాబాయ్ మాకు వీపు పెట్టి, కుండ వంచి, ఒలికిపోకుండా నిదానంగా గ్లాసులోకి నీళ్లు పోస్తున్నాడు. బిట్టు విరిగి, ముక్క రేకులకు తగిలి ఠంగుమంది. ఆయన గ్లాసు తీసుకుని ఎర్రమ్మ ముందు వంగి, "తాగు తల్లీ, మెల్లగా" అన్నాడు. నేను పరిగెత్తుకుంటూ వెళ్లి ఎర్ర బటన్ కొట్టాను. మిషను ఆగాక అప్పుడు తిరిగి చూశాడు. కాళ్ల కింద నేల వణుకు ఆగింది కాబట్టి తిరిగాడని తర్వాత చెప్పాడు.

పేరు చివర, అక్షరం కింద, వేలెడు పొడుగున గాడి పడింది. ఆ గాడి మధ్యలో రాగి మేకు తల కొత్త పైసాలా మెరుస్తోంది. బాబాయ్ పటకారుతో దాన్ని పీకి, ఎర్రమ్మ ముందు తల వంచుకుని నిలబడ్డాడు.

"తప్పైపోనాది తల్లీ. పుట్టీ ఎట్టి కప్పీగలను, గాడున్నట్టే తెల్దు."

ఎర్రమ్మ మేకును అరచేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఆడు కొట్టిందే అయ్యుంటాది" అంది. తర్వాత గాడి మీద వేలితో రాసింది. "అలగే ఒగ్గీ బాబూ. ఏ దెబ్బ తగిలి పోనాడో ఎవులికీ తెల్దు. పేరొక్కటి నున్నగా ఎందుకు?" కొత్త బిట్టు పెట్టి మిగిలిన కాస్తా చెక్కించాం. ఆమె ఆ చెక్కను మళ్లీ నెత్తిన పెట్టుకుని, మేకును కొంగున ముడేసుకుని, ఉప్పు మడుల గట్టు మీదుగా వెళ్లిపోయింది.

ఆమె కనుమరుగయ్యాక బాబాయ్ మెయిన్ స్విచ్ ఆపేశాడు. పట్టపగలే నీలం చీర తీసి చట్రం మీద కప్పడం మొదలుపెట్టాడు. నేను వెళ్లి ఎదురుగా నిలబడ్డాను.

"నువ్వు అరిసినావా అమ్మీ?"

"అరిసినాను."

"గట్టిగానా?"

"గొంతు పోయేలా అరిసినాను బాబాయ్."

స్టూలు మీద కూర్చుండిపోయాడు. ఎడం చెవి మాలక్ష్మమ్మ ఉండగానే పోయిందట. ఆమె చెవుల్లో దూది పెట్టుకోమని బతిమాలేదట. "దూదెట్టుకుంటే ఇది ఏటంటన్నాదో నాకెలగ తెలుస్తాది?" అన్నాడు. కుడి చెవి నేను వచ్చాక, నా కళ్ల ముందే పోయింది. నాకేం తెలియలేదు. బల్ల మీద ఆనించిన ఆ అరచేతితోనే ఇన్నాళ్లూ మిషను మాట వింటూ వచ్చాడు. అదీ నేను ప్రేమ అనుకున్న అలవాటు. ప్రేమ కూడానేమో.

"ఇంకేటుంది, అమ్మీసి మా సెల్లి దగ్గిరికి పోతాను" అన్నాడు.

"పోనీ, అక్కడ మనుసులుంటారు కదా."

"మనుసులుంటారు. నలుగురూ కూకుని మాటాడుకుంటారు, నవ్వుకుంటారు. నాను నడిమిన కూకుని గోడకేసి సూడాల. ఇక్కడైతే సెయ్యి పెడితే ఇది నాతోటి మాటాడతాది. ఇది ఆగిపోతే మరి నాకు ఎవులూ నేరు."

ఇది ఆయన మామూలుగా చెప్పిన మాట, జాలి కోసం కాదు. ఎవరూ పిలవని ఊరు వెతుక్కుంటూ నేను వచ్చాను. పిలిచినా వినపడని చోటికి ఆయన వెళ్లిపోతున్నాడు. ఇద్దరం ఒకే షెడ్డులో, ఒకరి పక్కన ఒకరం, ఎవరి నిశ్శబ్దంలో వాళ్లం అన్నాళ్లు ఉన్నామా అనిపించింది. ఏం చెయ్యాలో తోచక ఆయన చెయ్యి పట్టుకుని లాగి బల్ల మీద పెట్టాను. రెండో చివరకు వెళ్లి వేలి కణుపుతో ఒక్క దెబ్బ కొట్టాను.

ఆయన తలెత్తాడు. "తెలిసింది" అన్నాడు.

"ఒకటి కొడితే ఆపు" అన్నాను, పెదాలు బాగా కదిపి. మళ్లీ రెండు దెబ్బలు కొట్టాను. "రెండు కొడితే బాగానే ఉన్నాది, కానీయ్."

కాసేపు నా మొహంలోకి చూసి, "నువ్వు సెవి, నాను సెయ్యి" అన్నాడు. తర్వాత లేచి నీలం చీర తీసేసి మడత పెట్టాడు.

ఆ తర్వాత చాలా కాలం అలాగే పని చేశాం. మిషను ఒక చివర ఆయన, ఇంకో చివర నేను. కూత మారితే ఒక దెబ్బ, అంతా సవ్యంగా ఉంటే మధ్యమధ్యలో రెండు. వచ్చినవాళ్లకు మేం పాటకు తాళం వేసుకుంటున్నట్టు ఉండేది. మెల్లమెల్లగా ఆ దెబ్బలు పని దాటి బయటికి కూడా వచ్చాయి. టీ వస్తే రెండు దెబ్బలు. కూరలో ఉప్పెక్కువైతే ఒకటి. కొన్ని పొద్దుటిపూటలు నేను మొహం వేలాడేసుకుని వస్తే, ఆయన ఏమీ అడక్కుండా పట్టాలు తుడుస్తూనే బల్ల మీద రెండు కొట్టేవాడు. అది ఎంత ధైర్యమో చెప్పలేను.

ఒకసారి మా అత్తవారి వైపు నుంచి పెద్దమనుషులు షెడ్డుకే వచ్చేశారు. నన్ను తీసుకెళ్తారట, జరిగిందేదో జరిగిపోయిందట. బాబాయ్ బల్ల పక్కన నిలబడి అందరి నోళ్లనూ మార్చి మార్చి చూశాడు. గబగబా మాట్లాడుతున్నారు, ఆయనకు ఒక్క ముక్కా అందలేదు. చివరికి నా వైపు తిరిగి, "అమ్మీ, ఈలేటంటన్నారు?" అన్నాడు. "నన్ను రమ్మంటన్నారు బాబాయ్." "నీకేటనిపిస్తంది?" అని బల్ల మీద చెయ్యి ఆనించి ఆగాడు. అంతమంది ముందు నాకు నోరు పెగల్లేదు. బల్ల మీద ఒక్క దెబ్బ కొట్టాను. ఆయన వాళ్ల వైపు తిరిగి, "ఆపీమంటంది బాబూ. మరెల్లండి" అన్నాడు. అంతకుముందు నేను ఎన్ని గంటలు మాట్లాడినా ఎవరూ వినని సంగతి, ఒక్క దెబ్బలో వినేశాడు చెవుల్లేని మనిషి.

తర్వాత ఆయనకు షుగరు వల్ల కాలు మొద్దుబారింది. ఒక రోజు షెడ్డులోనే పడిపోయాడు. పార్వతమ్మ వచ్చి ఈసారి పోట్లాడలేదు, ఆటో తెచ్చింది. ఆటో ఎక్కుతూ, "మిషను నువ్వట్టుకుపో. అమ్మీసేవంటే ఊరుకోను" అన్నాడు. చీరలు కూడా నాకే ఇచ్చాడు. లారీలో అన్నీ రాజాం తెచ్చుకుని, బస్టాండు వెనక చిన్న షాపు పెట్టాను. ఏ ఊరి నుంచి పారిపోయానో ఆ ఊరి పక్కకే తిరిగి వచ్చాను.

మొదటి ఏడాది బాగా గడవలేదు. "మొగుణ్ణొదిలీసినాదట, ఈవిడేటి తలుపులు సెక్కీది?" అని నా ముందే అన్నవాళ్లున్నారు. శుభమా అని ఇల్లు కట్టుకుంటూ నా చేత గుమ్మం చెక్కించడానికి జంకేవాళ్లు. మా అన్నయ్య రోజూ వచ్చి మిషను అమ్మేసి ఇంటి పట్టున ఉండమనేవాడు. చివరికి నేనూ సరేననుకున్నాను. బాబాయ్‌కి ఒక మాట చెప్పాలి కదా అని శ్రీకాకుళం వెళ్లాను.

పార్వతమ్మ ఇంట్లో టీవీ నడుస్తోంది, పిల్లలు అరుచుకుంటున్నారు, ఎవరో ఫోన్‌లో నవ్వుతున్నారు. మధ్యలో మంచం మీద ఆయన, గోడకేసి చూస్తూ. సరిగ్గా ఆయన చెప్పినట్టే. చూపు కూడా మందగించింది, పెదాల కదలిక పోల్చుకోలేకపోతున్నాడు. నేను పక్కన కూర్చుంటే చెయ్యి తడిమి, గ్రీజు వాసన చూసి, "అమ్మీ" అన్నాడు. ఏం చెప్పను, ఎలా చెప్పను? ఆయన అరచేతిని తీసి మంచం పట్టె మీద పెట్టాను. ఒక్క దెబ్బ కొట్టాను.

ఆయన తన గొంతు తనకే వినపడని వాళ్లు మాట్లాడినట్టు, ఇల్లంతా తిరిగి చూసేంత గట్టిగా అడిగాడు: "మిషను బాగానే ఉన్నాదా?"

ఆయన చేతిని నా తలకు ఆనించుకుని, ఉందన్నట్టు తల ఆడించాను.

"మరెందుకు ఆపుతావు?" అని, వేలిని మడిచి, మంచం పట్టె మీద రెండు కొట్టాడు. నేను కొట్టలేదు. మళ్లీ రెండు కొట్టాడు. నేను తిరిగి కొట్టేదాకా కొడుతూనే ఉన్నాడు.

మిషను అమ్మలేదు. మెల్లగా పనులు వచ్చాయి. ముందు బోర్డులు, తర్వాత మందిరాలు, ఆ తర్వాత గుమ్మాలు కూడా. బాబాయ్ మాత్రం నేను చూసి వచ్చాక వచ్చిన చలికాలంలోనే పోయాడు. నాకు కబురు ఆలస్యంగా అందింది, వెళ్లేసరికి అంతా అయిపోయింది. పార్వతమ్మ గుమ్మంలో నన్ను చూసి, "ఆకర్న మాట నేదమ్మా. మంచం మీద ఏలితో కొడతా ఉండీవాడు, ఎందుకో మాకు తెల్దు" అంది. నాకు తెలుసు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ చువ్వ పట్టుకుని రాజాం దాకా ఏడుస్తూనే ఉన్నాను. ఆయన కొడుతుంటే తిరిగి కొట్టేవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు. ఇప్పటికీ నన్ను కోసేది అదొక్కటే.

ఇప్పుడు నేనూ పొద్దున్నే పట్టాలు తుడిచి గ్రీజు పెట్టాకే టీ తాగుతాను. ఏ పనినైనా ముందు గాలిలో తిప్పుతాను. ఎవరి మీదైనా కోపం వచ్చినా ముందు గాలిలోనే తిట్టుకుంటాను, చాలాసార్లు అక్కడితో పోతుంది. సాయంత్రం మిషను ఆపాక షాపులో దిగే ఆ నిశ్శబ్దం ఉందే, అప్పుడు తెలుస్తుంది నాకు, ఇది ఆగిపోతే మరి ఎవులూ నేరన్న ఆయన మాట. ఆకుపచ్చ చీర కప్పి కాసేపు అక్కడే కూర్చుని గానీ గదికి వెళ్లలేను.

మొన్న కొళాయి దగ్గర మొహం కడుక్కుని తిరిగి లోపలికి వెళ్లాను. అయస్కాంతం మళ్లీ జరిపినా ఎక్కడా అతుక్కోలేదు. కత్తి తీసి తారు గీకుతూ పోయాను. ఒక చోట చెక్కకు ఆకుపచ్చ చిలుము పట్టి ఉంది. దాని కింద రాగి మేకు. పీకి దూలం తెచ్చినాయన చేతిలో పెడితే, "ఇదెలగ తెలిసిందమ్మా నీకు?" అని ఆశ్చర్యపోయాడు. నేను మిషను మళ్లీ సిద్ధం చేసి, బల్ల మీద వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టాను.

"అదెవులికి?" అన్నాడు.

"మా బాబాయ్‌కి."

ఆయన షాపంతా ఒకసారి కలియజూశాడు. నేను బటన్ నొక్కాను. బిట్టు దిగి, పడవ వాసన మళ్లీ లేచింది. బల్ల అంచు మీద అరచెయ్యి ఆనించి, ఆ పని పూర్తయ్యేదాకా తియ్యలేదు.